ఎస్‌ఎస్‌ఎల్ పెట్టాక వికీలో కలిసి రాయడం ఆగిపోయింది, ఒకరు రాసేది ఇంకొకరికి కనపడటం లేదు

స్వర్ణముఖి · శుక్రవారం, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నా. రెండు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కాక ఇక్కడికొచ్చా.

మేం ఆరుగురం కలిసి చిత్తూరు వైపు మాటలు పోగేస్తున్నాం. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఉర్లగడ్డ (బంగాళాదుంప), చెనిక్కాయలు (వేరుశనగ) లాంటివి, మాటకో పేజీ. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఎక్స్‌వికీ పెట్టాను, అందరూ కలిసి పేజీలు రాసుకునే సాఫ్ట్‌వేర్. ఉబుంటు 22.04, వికీని నడిపే టామ్‌క్యాట్ 9, డేటాబేస్‌కి మరియాడీబీ, 8 జీబీ ర్యామ్. మొన్నటిదాకా ఇంటి వైఫైలోనే, 8080 పోర్టు మీద నడిచేది. ఆదివారాలు అందరూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఒకే పేజీలో ముగ్గురు రాస్తుంటే ఎవరి కర్సర్ వాళ్ళ రంగులో కదులుతూ కనపడేది. ఏ ఇబ్బందీ లేదు.

పోయిన ఆదివారం స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకున్నా, డొమైన్ కొన్నా, టామ్‌క్యాట్ ముందు, బయటి నుంచి వచ్చేవి అందుకుని లోపలికి పంపే ప్రాక్సీగా ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ వేశా, అంటే వచ్చిపోయేది దారిలో ఎవరూ చదవకుండా ఎస్‌ఎస్‌ఎల్ తాళం. పేజీలు బ్రహ్మాండంగా తెరుచుకుంటున్నాయి. తాళం గుర్తు వస్తోంది. లాగిన్ అవుతోంది, సేవ్ అవుతోంది. కలిసి రాయడం మాత్రం పోయింది. ఎడిట్ నొక్కితే పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి ‘కనెక్షన్ లేదు’ అంటుంది, ఆ తర్వాత ఎవరికి వాళ్ళు ఒంటరిగా రాసుకోవాల్సిందే.

బుధవారం సాయంత్రం చంద్రగిరిలో ఉండే మా పంతులు గారూ నేనూ ఒకేసారి ‘పితికిపప్పు’ పేజీలో ఉన్నాం. ఆయన రెండు పేరాలు రాశారు. తర్వాత నేను సేవ్ చేశా. ఆయన రాసింది మాయం! డెబ్బై దాటిన మనిషి, ఫోన్‌లో ఒక్కో అక్షరం కొట్టి రాసినవి. ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి ‘సరేలేమ్మా’ అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

సర్వర్ రీస్టార్ట్ చేశా, వేరే బ్రౌజర్ చూశా, క్యాష్ తుడిచా. ఎస్‌ఎస్‌ఎల్ తీసేయనా?

మిద్దెమీద_సర్వర్ · శుక్రవారం, రాత్రి 10.15

తీసేయండి అక్కా, ఆరుగురికి ఎస్‌ఎస్‌ఎల్ దేనికి? రూటర్‌లో 8080 తెరిచి నేరుగా ఇచ్చేయండి. నేను మా మిద్దె మీద గదిలో సర్వర్‌ని రెండేళ్ళుగా అలాగే నడుపుతున్నా, ఏమీ కాలేదు.

లేదంటే డేటాబేస్ ఎన్‌కోడింగ్ చూడండి. తెలుగు అక్షరాలకు యూటీఎఫ్8 ఎంబీ4 లేకపోతే మాటలు పోతాయని ఎక్కడో చదివా.

రేణిగుంట_జంక్షన్ · శుక్రవారం, రాత్రి 11.05

తమ్ముడూ, రెండేళ్ళుగా ఏమీ కాలేదంటే ఏదైనా అయ్యిందో లేదో నీకు తెలియలేదని కూడా అర్థం వస్తుంది. ఎస్‌ఎస్‌ఎల్ లేకుండా 8080 బయటికి తెరిస్తే లాగిన్ పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఎన్‌కోడింగ్ సంగతి కూడా కాదు. యూటీఎఫ్8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో పాత యూటీఎఫ్8 కూడా 3 బైట్ల వరకు మోస్తుంది. 4 బైట్లు కావాల్సింది ఎమోజీలకు. పైగా ఆ జబ్బయితే ప్రశ్నార్థకాలు కనపడాలి, పేరాలకు పేరాలు పోవు.

స్వర్ణముఖి గారూ, రిపేరు తర్వాత. ముందు ఆ పేజీ హిస్టరీ తెరవండి. వికీలో సేవ్ అయిన మాట అంత తేలిగ్గా చావదు. మాస్టారు సేవ్ నొక్కి ఉంటే ఆయన రాసింది ఏదో ఒక వెర్షన్‌లో ఉండి తీరాలి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ఎడిట్ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో ఎర్ర లైన్లు ఏమున్నాయో చెప్పండి. పక్కనే నెట్‌వర్క్ ట్యాబ్‌లో డబ్ల్యూఎస్ అనే వడపోత ఉంటుంది, అదీ చూడండి. అవి చూడకుండా మేం ఏం చెప్పినా సోదే.

స్వర్ణముఖి · శనివారం, ఉదయం 7.20

అన్నా, మీ నోట్లో చక్కెర పొయ్యా! హిస్టరీలో ఉంది.

4.1 నాది. 5.1 పంతులు గారిది, బుధవారం 6.42. 6.1 మళ్ళీ నాది, 6.47. 5.1కీ 6.1కీ తేడా చూపించమంటే ఆయన రాసిన రెండు పేరాలూ ఎర్రగా, కొట్టేసినట్టు కనపడ్డాయి. అంటే వాటిని తీసేసింది నేనే. అప్పుడు గుర్తొచ్చింది. సేవ్ నొక్కినప్పుడు ఒక పెట్టె వచ్చింది, మీరు తెరిచాక ఈ పేజీ మారింది, ఏం చేయమంటారు అని. పొయ్యి మీద పాలు ఉన్నాయి. చదవకుండా నా మార్పులే ఉంచమని నొక్కేసి వంటింట్లోకి పరిగెత్తా. తప్పు సాఫ్ట్‌వేర్ మీదకి నెట్టాను, సిగ్గుగా ఉంది.

ఆ పేరా ఇక్కడ పెట్టకుండా ఉండలేను: ‘అనపగింజల్ని రాత్రి నానబోసి, తెల్లారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే తోలు చేతిలో మిగిలి పప్పు టప్పున గిన్నెలోకి జారుతుంది. పితికి తీస్తారు గనక పితికిపప్పు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితికితే గాని కూరకు సరిపడా రాదు.’

దాన్ని తిరిగి పేజీలో పెట్టేశా. సార్‌కి ఫోన్ చేసి చెప్పా కూడా.

ఇక కన్సోల్. ఎర్ర లైను ఒకటే మళ్ళీ మళ్ళీ వస్తోంది. హెచ్‌టీటీపీఎస్ పేజీ నుంచి డబ్ల్యూఎస్‌తో మొదలయ్యే అడ్రసుకి కనెక్షన్ పెట్టబోతే అది సురక్షితం కాదని ఆపేశాం అంటోంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో అసలు ఆ వరసే లేదు. కాన్ఫిగ్ ఫోటో తీసి పెడుతున్నా.

నిర్వాహకులు · శనివారం, ఉదయం 7.45

ఫోటోలో మీ స్టాటిక్ ఐపీ, డొమైన్ పేరు కనపడుతున్నాయి. అవి చెరిపి మళ్ళీ పెట్టాం. ఇకపై ఎవరైనా ఫోటోలు పెట్టేముందు ఒకసారి చూసుకోండి.

తోతాపురి · శనివారం, ఉదయం 9.30

అక్కా, ఇది నాకు తెలిసిన జబ్బే. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే యూనిట్‌లో పని నాది. షిఫ్టు నోట్సు వికీలో రాస్తాం, ఏ బాయిలర్‌కి ఏమైంది, ఏ లాటు కాయ పులుపెక్కువ అని. సీజన్‌లో జూన్, జూలై నెలల్లో రెండు షిఫ్టులు ఒకే పేజీలో పడి రాస్తారు. మాకూ సరిగ్గా ఇలాగే ఆగింది.

కథ ఏందంటే, పేజీ తెరవడం, సేవ్ చేయడం ఉత్తరం లాంటివి. రాస్తాం, జవాబు వస్తుంది, అయిపోయింది. కలిసి రాయడం ఫోన్ కాల్ లాంటిది, లైను తెరిచే ఉండాలి. ఆ లైనే వెబ్‌సాకెట్. అది మామూలుగా పెడితే డబ్ల్యూఎస్, ఎస్‌ఎస్‌ఎల్ లోపల పెడితే డబ్ల్యూఎస్‌ఎస్. పేజీ తాళంతో వచ్చినప్పుడు తాళం లేని లైను పెట్టనివ్వనని బ్రౌజర్ అంటుంది. అది చేస్తున్నది సబబే.

మరి వికీ ఎందుకు డబ్ల్యూఎస్ అని చెప్పింది? ఎస్‌ఎస్‌ఎల్ ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి టామ్‌క్యాట్‌కి వెళ్ళేది మామూలు హెచ్‌టీటీపీ. పాపం టామ్‌క్యాట్‌కి బయట తాళం ఉందని తెలియదు. ‘వచ్చింది హెచ్‌టీటీపీ, కాబట్టి నేనిచ్చే అడ్రసు డబ్ల్యూఎస్’ అనుకుంటుంది. మనమే చెప్పాలి.

రెండు చోట్ల మార్చు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే హెడర్‌లో (హెడర్ అంటే అభ్యర్థనతో పాటు వెళ్ళే చీటీ) స్కీమ్, అంటే బయట హెచ్‌టీటీపీఎస్ అన్న సంగతి, పంపు, హోస్ట్ హెడర్ కూడా అసలు పేరుతోనే పంపు. నీ ఫోటోలో రెండూ లేవు. టామ్‌క్యాట్ సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో హోస్ట్ లోపల రిమోట్ఐపీవాల్వ్ అని, ఆ చీటీ చదివే ఒక వాల్వ్ పెట్టి, ప్రోటోకాల్‌హెడర్‌గా ఆ పేరే ఇవ్వు. రెంటిలో ఒకటే పెడితే ఏమీ కాదు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి కదా. నేను మొదటిది పెట్టి రెండోది మర్చిపోయి ఒక పూటంతా తల బాదుకున్నా.

అదే ఫైల్లో 8080 కనెక్టర్‌కి అడ్రస్ 127.0.0.1 (అంటే ఆ కంప్యూటర్ లోపలికే) అని కట్టేయి. ఇక బయటి నుంచి ఎవరొచ్చినా ఎన్‌జిన్‌ఎక్స్ గుమ్మంలోంచే రావాలి.

స్వర్ణముఖి · శనివారం, మధ్యాహ్నం 12.40

చేశా తమ్ముడూ. టామ్‌క్యాట్ లేవడానికి రెండు నిమిషాలు పట్టింది, ఆ రెండు నిమిషాలూ టెన్షనే. ఆ ఎర్ర లైను పోయింది! ఇప్పుడు అడ్రసు డబ్ల్యూఎస్‌ఎస్‌తోనే మొదలవుతోంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వరస కూడా కనపడుతోంది.

కానీ కొత్త ఎర్ర లైను పుట్టింది. హ్యాండ్‌షేక్‌లో (లైను కలిపేటప్పుడు) అనుకోని జవాబు, 404. చక్రం మళ్ళీ తిరుగుతోంది.

రేణిగుంట_జంక్షన్ · శనివారం, మధ్యాహ్నం 2.10

మంచిదే. తప్పు మారిందంటే ఒక గేటు దాటామన్నమాట.

ఇప్పుడు నా పేరుకు తగ్గ ఉదాహరణ చెబుతా. మీరు చెన్నై వైపు నుంచి వచ్చి రేణిగుంటలో దిగి ఇంకో రైలు ఎక్కారనుకోండి. మొదటి రైల్లో కిటికీ పక్క సీటు నంబరు రెండో రైల్లో చెల్లుతుందా? చెల్లదు. మళ్ళీ అడిగి రాయించుకోవాలి. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ జంక్షన్. బ్రౌజర్ వచ్చి, ‘ఇది మామూలు కనెక్షన్ కాదు, వెబ్‌సాకెట్‌గా మార్చు’ అని అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే రెండు హెడర్లలో చెబుతుంది. ఆ రెండూ ఒక్క మజిలీకే చెల్లే హెడర్లు. ప్రాక్సీ దగ్గర రాలిపోతాయి. ఇందులో ఎన్‌జిన్‌ఎక్స్ తప్పేమీ లేదు, ప్రోటోకాల్ రూలే అంత. పైగా మీ ఉబుంటులో వచ్చే ఎన్‌జిన్‌ఎక్స్ 1.18 వెనక సర్వర్‌తో మామూలుగా హెచ్‌టీటీపీ 1.0లో మాట్లాడుతుంది. వెబ్‌సాకెట్‌కి 1.1 కావాలి. టామ్‌క్యాట్‌కి చేరేసరికి అది ఒట్టి పేజీ అభ్యర్థనలా కనపడుతుంది. అలాంటి పేజీ లేదు కాబట్టి 404 అంది.

ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో వెబ్‌సాకెట్ దారికి వేరే లొకేషన్ బ్లాక్ రాయండి. దారి మీ నెట్‌వర్క్ ట్యాబ్‌లోనే ఉంది చూడండి, ఎక్స్‌వికీ తర్వాత వెబ్‌సాకెట్ అని వస్తుంది. ఆ బ్లాక్‌లో ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1. అప్‌గ్రేడ్ హెడర్‌కి వచ్చిన విలువే తిరిగి ఇవ్వండి. కనెక్షన్ హెడర్‌కి అప్‌గ్రేడ్ అనే మాట.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేనే పడ్డా అందులో. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక లోపలి బ్లాక్‌లో ప్రాక్సీ సెట్ హెడర్ ఒక్కటి రాసినా, పై బ్లాక్‌లో రాసిన హెడర్లు దానికి దిగిరావు. ఒక్కటి కూడా రాదు. కాబట్టి హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో కూడా ఈ బ్లాక్‌లో మళ్ళీ రాయాలి. లేదంటే పొద్దున తోతాపురి బాగుచేయించింది ఈ దారిలో చెడిపోతుంది.

తర్వాత బ్రౌజర్ జోలికి పోకుండా కర్ల్ అనే కమాండ్‌తో పరీక్షించండి. హెచ్‌టీటీపీ 1.1 అని బలవంతం చేసి, ఆ హెడర్లతో పాటు సెక్-వెబ్‌సాకెట్-కీ, వెర్షన్ 13 కూడా ఇచ్చి అడగండి. 101 వస్తే లైను కలిసినట్టు. ఇంకేది వచ్చినా కలవనట్టే.

మిద్దెమీద_సర్వర్ · శనివారం, మధ్యాహ్నం 2.40

అన్నా ఒక సందేహం. మా ఫ్రెండ్ ఎన్‌జిన్‌ఎక్స్ బదులు అపాచీ వాడతాడు, ఏజేపీ అనే ప్రోటోకాల్ మీద టామ్‌క్యాట్‌కి కలిపాడు. వాడికీ ఇదే మంత్రమా?

రేణిగుంట_జంక్షన్ · శనివారం, మధ్యాహ్నం 2.55

ఏజేపీ మీద వెబ్‌సాకెట్ నడవదు, ఎన్ని హెడర్లు పెట్టినా అంతే. ఆ దారి వరకైనా హెచ్‌టీటీపీ ప్రాక్సీకి మారమను. అపాచీ పాతదైతే ప్రాక్సీ డబ్ల్యూఎస్‌టన్నెల్ మాడ్యూల్ కావాలి. 2.4.47 నుంచి మామూలు ప్రాక్సీ హెచ్‌టీటీపీ మాడ్యూలే అప్‌గ్రేడ్ చూసుకుంటుంది.

స్వర్ణముఖి · శనివారం, సాయంత్రం 5.30

అన్నీ రాశా. ఎన్‌జిన్‌ఎక్స్ పరీక్ష ఓకే అంది. రీలోడ్ చేశా. కర్ల్‌లో 404. మళ్ళీ రీలోడ్, మళ్ళీ 404. బ్లాక్‌ని పైకి మార్చా, కిందికి మార్చా. కావాలని స్పెల్లింగ్ తప్పు రాసి రీలోడ్ చేస్తే కూడా ఓకే అంది! ఏందన్నా ఇది?

తోతాపురి · శనివారం, సాయంత్రం 5.50

అక్కా, తప్పు రాసినా ఓకే అన్నదంటే అది నీ ఫైల్ చదవడం లేదు.

ఎన్‌జిన్‌ఎక్స్‌ని ఇంగ్లిష్ చిన్న టీ (-t) ఇచ్చి నడిపితే పరీక్షిస్తుంది, పెద్ద టీ (-T) ఇస్తే తను నిజంగా చదువుతున్న కాన్ఫిగ్ మొత్తం ఫైలు పేర్లతో సహా కక్కేస్తుంది. అందులో నీ కొత్త బ్లాక్ ఉందేమో చూడు. లేదని నా పందెం, ఒక బుట్ట తోతాపురి.

స్వర్ణముఖి · శనివారం, సాయంత్రం 6.25

బుట్ట నీదే. నేను సైట్స్-అవైలబుల్‌లో ఉన్న ఫైల్ మారుస్తున్నా. ఎన్‌జిన్‌ఎక్స్ చదివే సైట్స్-ఎనేబుల్డ్‌లో దానికి లింక్ ఉండాలి కదా, లింక్ లేదు. కాపీ ఉంది! ఆదివారం రాత్రి లింక్ చేయడం గుర్తురాక కాపీ చేసి పడేసినట్టున్నా. మరి మధ్యాహ్నం ప్రోటో హెడర్ ఎలా పని చేసిందని అడుగుతారేమో. అది మాత్రం ఎనేబుల్డ్‌లోనే మార్చా, ఎడిటర్‌లో రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి.

కాపీ తీసేసి లింక్ పెట్టి, రెంటిలో రాసినవీ ఒక్క ఫైల్లోకి చేర్చి రీలోడ్ చేశా. కర్ల్‌లో 101!!

కొత్త ట్యాబ్ తెరిచా. చక్రం అర సెకను తిరిగి ఆగింది. మా చెల్లెలు హాల్లో కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో అదే పేజీ తెరిచింది. నా స్క్రీన్ మీద దాని కర్సర్ ఆకుపచ్చగా వచ్చి ‘పితికి’ పక్కన నిలబడింది. అది ‘ప’ కొట్టింది, నాకు ‘ప’ పడింది. ఇద్దరం అరిచాం, అమ్మ వంటింట్లోంచి ఏమైందే అని బయటికొచ్చింది.

రేణిగుంట_జంక్షన్ · శనివారం, రాత్రి 7.15

సంతోషం. ఇంకో మాట. రీలోడ్ చేసినప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ పాత వర్కర్లు వెంటనే చావవు, తమ దగ్గరున్న కనెక్షన్లు మూసేదాకా బతికే ఉంటాయి. వెబ్‌సాకెట్ గంటల తరబడి తెరిచి ఉంటుంది కదా, ఆ ట్యాబ్‌కి పాత కాన్ఫిగ్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఇలాంటివి మార్చినప్పుడల్లా ట్యాబ్ మూసి కొత్తగా తెరిచి చూడండి. పాత ట్యాబ్‌లో చూసి పని చేయలేదని నిర్ణయానికి రావద్దు.

స్వర్ణముఖి · ఆదివారం, ఉదయం 11.00

అయిపోలేదు అన్నా. మేం అయిదుగురం ఒకరికొకరం కనపడుతున్నాం. పంతులు గారు మాత్రం కనపడరు. ఆయన తెరిచానంటారు, రాస్తున్నానంటారు, మాకు కర్సర్ రాదు. ఆయన ఫోన్‌లో తాళం బానే ఉంది, హెచ్చరికలేమీ లేవు.

మిద్దెమీద_సర్వర్ · ఆదివారం, ఉదయం 11.20

ఈసారి నేను సరిగ్గా చెప్తా, చదివొచ్చా. ప్రాక్సీ రీడ్ టైమౌట్. ఏమీ చెప్పకపోతే 60 సెకన్లు. అంతసేపు వెనక నుంచి ఏ కదలికా లేకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ లైను తెంపేస్తుంది. ఆ వెబ్‌సాకెట్ బ్లాక్‌లో 3600 పెట్టండి. సార్ మెల్లగా ఆలోచించి రాస్తారు కాబట్టి మధ్యలో తెగిపోతూ ఉండొచ్చు.

స్వర్ణముఖి · ఆదివారం, మధ్యాహ్నం 12.10

పెట్టా తమ్ముడూ. ఉండటం మంచిదే గానీ సార్ పరిస్థితిలో మార్పు లేదు. ఆయన్నే ఇక్కడ చేరమన్నా. చేరారు. కింద ఆయన మాట.

చంద్రగిరి_పంతులు · ఆదివారం, మధ్యాహ్నం 12.45

అందరికీ నమస్కారం. ఈ వయసులో ఇంతమంది నా రెండు పేరాల కోసం శ్రమపడటం చూసి కొంచెం బిడియంగా ఉంది.

నా వైపు జరిగేది చెబుతాను. పేజీ తెరుస్తాను. ఎడిట్ పక్కన చిన్న బాణం ఉంటుంది, అది నొక్కి రెండోదైన వికీ ఎడిటర్‌లోకి వెళ్తాను. నక్షత్రాలు, సమానం గుర్తులు కనిపించే ముడి రూపం అన్నమాట. మొదటి దానిలో, అంటే అందరూ వాడే దానిలో, నా ఫోన్‌లో తెలుగు సరిగా పడటం లేదు. ‘క్ష’ కొట్టబోతే ‘క్’ దగ్గరే కర్సరు వరస మొదటికి దూకుతోంది. ‘స్త్రీ’ అన్న మాటైతే మూడు ముక్కలై మూడు చోట్ల పడింది. వత్తులన్నీ చెల్లాచెదురు. ముడి రూపంలో ఆ బాధ లేదు. అందుకని మొదటినుంచీ అక్కడే రాస్తున్నాను. అమ్మాయికి ఈ సంగతి చెప్పాలని నాకు తోచలేదు.

రేణిగుంట_జంక్షన్ · ఆదివారం, మధ్యాహ్నం 1.30

మాస్టారూ నమస్కారం. మీరు చెప్పిన నాలుగు వాక్యాల్లో విషయం మొత్తం తేలిపోయింది.

ఎక్స్‌వికీలో కలిసి రాయడం ఎడిటర్ వారీగా జరుగుతుంది. మామూలు ఎడిటర్‌లో ఉన్నవాళ్ళంతా ఒక గది, ముడి రూపంలో ఉన్నవాళ్ళు ఇంకో గది. మధ్యలో తలుపు లేదు. మీరు ఒంటరిగా ఆ రెండో గదిలో కూర్చుని రాస్తున్నారు, మొదటి గదిలో అయిదుగురు మీకోసం చూస్తున్నారు. లైను రెండుచోట్లా బాగానే ఉంది. బుధవారం నాటికి వెబ్‌సాకెట్ పని చేసి ఉన్నా ఆ పెట్టె వచ్చేదేనేమో!

ఇక వత్తులు దూకడం. ఫోన్ కీబోర్డు తెలుగు అక్షరాన్ని ముక్కలుగా కూర్చి చివర్లో అప్పగిస్తుంది. అది కూర్చుతుండగానే ఇంకొకరి మార్పు వచ్చి ఎడిటర్ ఆ వరసను మళ్ళీ గీసిందంటే సగం కూర్చిన అక్షరం చెదురుతుంది. ఇంగ్లిష్ వాళ్ళకి ఒక్క మీటకి ఒక్క అక్షరం కాబట్టి వాళ్ళకి ఈ నొప్పి పెద్దగా తెలియదు. మాస్టారు వాడేది ఊహించి ముందే మాటలు చూపించే కీబోర్డయితే ఆ ఊహ ఆపేసి చూడండి. వేరే కీబోర్డు యాప్ కూడా ప్రయత్నించండి. నా దగ్గర ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌తో ఈ గొడవ బాగా తగ్గింది.

తోతాపురి · ఆదివారం, మధ్యాహ్నం 2.00

లేదంటే ఇంకో దారి. అందరూ ముడి రూపంలోకే రండి, సార్ గదిలోకి. పెద్దాయన్ని లేపి ఇంకో గదిలోకి పంపడం కంటే మనం నడిచి వెళ్ళడం మర్యాద కదా. మా యూనిట్‌లో సూపర్‌వైజర్ కోసం మేం అదే చేశాం. నాలుగు గుర్తులు నేర్చుకుంటే చాలు.

స్వర్ణముఖి · ఆదివారం, రాత్రి 8.40

తోతాపురి మాటే విన్నాం. సాయంత్రం ఆరుగురం ముడి రూపంలో చేరాం. సార్ కర్సర్ వచ్చింది! ఆయన ‘పితికిపప్పు’ కింద ‘రాగి సంగటితో’ అని కొడుతుంటే అక్షరం అక్షరం మాకు పడుతోంది, మధ్యలో ఆగితే ఆగినంతసేపూ అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన్ని చూస్తూ ఎవరూ ఏమీ రాయలేదు. కలిసి రాయడమంటే ఇదేనా అని మా చెల్లెలు నవ్వింది.

ల్యాప్‌టాప్‌లో వాళ్ళకి ముడి రూపం కొంచెం చిరాకే. ఉండనీ.

మిద్దెమీద_సర్వర్ · ఆదివారం, రాత్రి 9.05

వినడానికే బాగుంది అక్కా. ఇవన్నీ తెలుగు విక్షనరీలోనే పెట్టొచ్చు కదా, సొంత సర్వర్, యూపీఎస్, స్టాటిక్ ఐపీ ఖర్చు ఎందుకు? (మా మిద్దె సర్వర్‌కి కూడా ఎన్‌జిన్‌ఎక్స్ పెడుతున్నా, 8080 మూసేశా. జంక్షన్ అన్నకి చెప్పినట్టే అనుకోండి.)

స్వర్ణముఖి · ఆదివారం, రాత్రి 9.30

పెడతాం. కాకపోతే అక్కడ నలుగురూ ఒప్పుకునే రూపంలో పెట్టాలి. ఇక్కడ ఇంకా కొట్టుకుంటున్నాం. ‘ఉర్లగడ్డ’ మా ఇంట్లో మాట, పంతులు గారింట్లో కూడా అదే, ఇంకొకావిడ మాత్రం మేం అలా అనమంటుంది. ఏ ఊళ్ళో ఎవరి నోట విన్నామో రాసుకుంటున్నాం. జిల్లా పేరు దగ్గర కూడా పేచీనే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది కదా, అంతకుముందు పోగేసినవాటికి చిత్తూరు అని ఉంది, తర్వాతవాటికి తిరుపతి అని. మాటకి జిల్లా తెలియదు గానీ పేజీకి తెలియాలి!

స్వర్ణముఖి · మూడు నెలల తర్వాత, సోమవారం, ఉదయం 6.50

పాత దారాన్నే లాగుతున్నా, క్షమించండి. పొద్దున్నే అయిదుగురు ఫోన్ చేశారు, సైట్ సురక్షితం కాదని ఎర్ర పేజీ వస్తోందట. నాకు మాత్రం రాత్రి నుంచి మూయని ట్యాబ్‌లో అందరి పాత మాటలూ, చక్కగా కలిసిన లైనూ కనపడుతున్నాయి. కొత్త ట్యాబ్ తెరిస్తే నాకూ ఎర్ర పేజీ. సర్టిఫికెట్ గడువు అయిపోయిందట. కానీ సర్వర్‌లో చూస్తే, సర్టిఫికెట్లు తెచ్చే సర్ట్‌బాట్ నెల క్రితమే కొత్తది తెచ్చి పెట్టింది! గడువు దగ్గరపడితే మెయిల్ వస్తుందనుకున్నా, అదీ రాలేదు.

రేణిగుంట_జంక్షన్ · సోమవారం, ఉదయం 7.30

కొత్తది డిస్కులో ఉంది, ఎన్‌జిన్‌ఎక్స్ మెమరీలో పాతదే ఉంది. మీరు సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు సర్ట్‌ఓన్లీ పద్ధతి వాడి ఉంటారు. దానిలో ఫైలు మార్చడం వరకే సర్ట్‌బాట్ పని, ఎన్‌జిన్‌ఎక్స్‌ని లేపి చెప్పడం మనది. ఇప్పుడు ఒక్క రీలోడ్ కొట్టండి, ఎర్ర పేజీ పోతుంది. తర్వాత సర్ట్‌బాట్ రెన్యువల్-హుక్స్ ఫోల్డర్‌లో డిప్లాయ్ అనే చోట ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ చేసే రెండు లైన్ల స్క్రిప్టు పెట్టి, నడిచే అనుమతి ఇవ్వండి. కొత్త సర్టిఫికెట్ వచ్చినప్పుడల్లా అదే నడుస్తుంది.

మీ పాత ట్యాబ్ బతికుండటానికి కారణం, సర్టిఫికెట్‌ని లైను కలిపేటప్పుడే చూస్తారు, కలిసిన లైను మధ్యలో చూడరు. మెయిళ్ళు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు 2025 జూన్ 4 నుంచి ఆపేశారు, ఇక రావు. గడువు ఇంకా తగ్గబోతోంది కూడా. ఇప్పుడు 90 రోజులు గాని, 2029 మార్చి 15 నుంచి ఎవరిచ్చిన సర్టిఫికెట్టయినా 47 రోజులు దాటకూడదని బ్రౌజర్ల వాళ్ళూ సర్టిఫికెట్ల వాళ్ళూ కలిసి నిర్ణయించారు. చేత్తో రీలోడ్ చేసుకుందాంలే అనుకుంటే నెలనెలా ఈ ఫోన్లు తప్పవు.

స్వర్ణముఖి · సోమవారం, ఉదయం 8.05

పోయింది అన్నా, తాళం వచ్చేసింది. స్క్రిప్టు పెట్టా. డిప్లాయ్ హుక్ నడుస్తుందో లేదో ఉత్తుత్తి రెన్యువల్‌లో తెలియదంటున్నారు కాబట్టి స్క్రిప్టుని చేత్తో ఒకసారి నడిపి చూశా, రీలోడ్ అయింది.

చంద్రగిరి_పంతులు · సోమవారం, ఉదయం 8.20

అమ్మాయీ, నాకూ తెరుచుకుంది. సాయంత్రం ఆరు గంటలకు ‘ఊరబిండి’ పేజీ తీద్దాం. అందరూ నా గదికే రండి, కీబోర్డు ఇంకా మార్చుకోలేదు.